పెరుగు దాకా రాని భోజనం

నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే కామేశ్వరరావు గారి మీద ఆరు నెలలుగా ఒక నేరం ఉంది. ఇంట్లో వండింది వదిలేసి బయట కర్రీ పాయింట్‌లో తింటున్నారని. ఫిర్యాదు చేసిందీ, విచారణ జరిపిందీ, తీర్పు చెప్పిందీ ఆయన భార్య పద్మావతే. పై కోర్టుకు వెళదామంటే అదీ ఆవిడే.

సాక్ష్యాలు బలంగానే ఉన్నాయి మరి. పెళ్ళయిన నాటి నుంచీ పప్పుతో మొదలుపెట్టి కూర, పచ్చడి, పులుసు మీదుగా పెరుగు దాకా ఏ మజిలీ వదలకుండా ప్రయాణం చేసిన మనిషాయన. అలాంటివారు ఈ మధ్య పప్పు దగ్గరే దిగిపోతున్నారు. నాలుగు ముద్దలు తిని, చెయ్యి కంచంలోనే ఉంచి, "ఇంక చాలే, నిండిపోయింది" అంటున్నారు. భీమవరం వైపు నుంచి వచ్చిన ఇళ్ళలో పెరుగు కలపకుండా లేచిపోతే భోజనం చేసినట్టు కాదు, అలిగినట్టు. పైగా పద్మావతి గరిట పట్టుకుని నిలబడితే వద్దనే ధైర్యం ఇప్పటిదాకా చుట్టాల్లో ఎవరికీ రాలేదు. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు కూడా రెండు గారెలు తింటే గానీ మెట్లు దిగలేడు. "చాలు" అనేది ఎదుటివాళ్ళు మొహమాటానికి అనే మాటని తప్ప, దానికి ఇంకో అర్థం ఉంటుందని ఆవిడకి తెలియదు.

అసలు కేసు బెండకాయతో ముదిరింది. ఒకరోజు మధ్యాహ్నం బెండకాయ వేపుడు చేసింది. దీపాలు పెట్టే వేళకి కామేశ్వరరావు గారికి వాంతయింది. బేసిన్‌లో బెండకాయ చక్రాలు చెక్కు చెదరకుండా, గింజలతో సహా ఉన్నాయి. పద్మావతి వాటిని పరిశీలించింది. మధ్యాహ్నం తిన్నది ఈపాటికి ఎప్పుడో అరిగిపోయి ఉండాలి. కాబట్టి ఇవి తన బెండకాయలు కావు. అంటే సాయంత్రం నడక పేరుతో వెళ్ళి ఎక్కడో మళ్ళీ బెండకాయే తిన్నారన్నమాట.

"ఇంట్లో పెడితే నాలుగు ముక్కలు, బయటయితే ఇంతానా? వాళ్ళేం కలుపుతున్నారండీ అందులో, బంగారమా?" అంది.

"నువ్వు పెట్టిందేనే అది. లోపల కదలకుండా అలాగే కూర్చుంది."

"నా చేతి వంట కూర్చోవడం ఏవిటి? నలభై ఏళ్ళ నుంచి కదులుతూనే ఉంది కదా."

మర్నాటి నుంచి వాచ్‌మన్ రాజయ్యని నిఘా పెట్టింది. రాజయ్యది శేరిలింగంపల్లి దగ్గరే సొంతూరు, ఆ చుట్టుపక్కల సందులన్నీ తెలిసిన మనిషి. కొన్నాళ్ళు వెనకాలే తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. "సారు ఏం తింటలేడమ్మా. పార్కు కాడ బెంచీ మీద కడుపు పట్టుకుని కూసుంటుండు, ఇగ లేచి వస్తుండు. జర దవాఖానకు తీస్కపోండ్రి."

ఆవిడ రాజయ్య మొహంలోకి చూసి, "నీకూ ఓ పొట్లం కట్టించి ఇచ్చారన్నమాట" అంది. రాజయ్య ఆ తరువాత ఆ ఇంటి సంగతుల్లో వేలు పెట్టలేదు.

ఈ నింద ఆయన్ని ఎంత బాధ పెట్టిందో తెలియాలంటే ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. కామేశ్వరరావు గారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన జీపు సందు మొదట్లో కనిపిస్తే చాలు, త్రాసు పళ్ళెం కింద అంటించిన చింతపండు దానంతటదే ఊడిపడేదని పశ్చిమ గోదావరి కిరాణా కొట్లలో చెప్పుకునేవారు. మిఠాయి కొట్టు తనిఖీకి వెళితే మంచినీళ్ళు కూడా సొంత సీసాలోవే తాగేవారు. ఇరవై ఏళ్ళుగా షుగరుంది, మాత్ర ఒక్క పూట తప్పలేదు. అలాంటి మనిషిని దొంగతిండి తింటున్నాడంటే ఏడవలేదు గానీ, ఏడ్చినంత పనైంది. ప్యాంట్లు వదులైపోయాయి. ఇంట్లో బరువు చూసే మెషీన్ ఎక్కితే ముల్లు బాగా వెనక్కి పోయింది. పాత అలవాటు కొద్దీ ముందు మెషీన్‌నే అనుమానించి, వీధి చివర ఉల్లిపాయల గోదాములో కాటా ఎక్కి చూసుకున్నారు. పాపం, మెషీన్ సరిగానే ఉంది.

ఇంత జరుగుతుంటే కొడుకేం చేస్తున్నాడని మీరడగొచ్చు. కొడుకు వెంకట్ సరిగ్గా ఈ పని మీదే ఉన్నాడు. హైటెక్ సిటీలో వాడు పనిచేసే కంపెనీ, లోకంలో ఏ సరుక్కి రాబోయే పదేళ్ళలో ఎంత గిరాకీ ఉంటుందో ముందే చెప్పి, ఆ రిపోర్టులు అమ్ముకుంటుంది. పోయినేడాది పిల్లుల షాంపూ, ఈ ఏడాది గ్యాస్ట్రోపరేసిస్ మందులు. అంటే కడుపులో పడ్డ అన్నం పేగుల్లోకి దిగడానికి మరీ ఆలస్యం చేసే జబ్బు ఒకటుంది, దానికి ప్రపంచమంతటా అమ్ముడయ్యే మందుల లెక్క. 2034 దాకా ఏ ఖండంలో ఎన్ని కడుపులు మొరాయిస్తాయో, అందువల్ల ఎవరికెంత లాభమో వెంకట్ దశాంశాలతో సహా చెప్పగలడు. సంగతి తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాలు వాణ్ణి కడుపు డాక్టరు కింద జమకట్టి త్రేన్పుల గురించి ఫోన్లు చేస్తున్నారు.

ఒకరోజు భోజనాల బల్ల దగ్గర తండ్రి నెమ్మదిగా కదిపారు. "ఒరేయ్ వెంకట్, తిన్నది ముందుకు పోవట్లేదురా. నాలుగు ముద్దలకే నిండిపోతోంది. పొద్దుటిది సాయంత్రానికి బయటికొస్తోంది."

వెంకట్ లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "గ్యాస్ నాన్నా అది, సోడా తాగండి" అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ పనేమిటంటే, రోగ లక్షణాల పేరాని పాత రిపోర్టులోంచి తీసి కొత్తదాంట్లో అతికించడం. కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, ఎన్నో గంటల తరవాత అరగని ముక్కలతో వాంతి కావడం, బరువు తగ్గడం. అన్నీ అందులో ఉన్నాయి. వాడు చదవలేదు. అతికించినవాటిని చదవడం ఆ కంపెనీలో ఆనవాయితీ కాదు.

ఇంతలో వాడి పీకల మీదికి వచ్చింది. నలభై మంది రోగులతో స్వయంగా మాట్లాడి తయారుచేశామని రిపోర్టు అట్ట మీదే ఉంది. కొనడానికి వచ్చిన ఒక విదేశీ మందుల కంపెనీ, ఆ నలభై మందిలో ఒక్కరి మాట మేమూ వింటాం, ఆ తరవాతే కొంటాం అంది. చిక్కేమిటంటే, ఆ నలభై మందీ వెంకట్ బుర్రలో పుట్టి అక్కడే జబ్బుపడ్డవాళ్ళు. టీమ్ లీడర్ జ్యోత్స్న వాణ్ణి లోపలికి పిలిచి గది తలుపు వేసింది. మొయినాబాద్ పిల్ల, కోపం వస్తే ఆఫీసు ఇంగ్లీషు పక్కన పెట్టేస్తుంది.

"నలభై మందిల ఒక్కరన్న లేరా వెంకట్?"

"లేరు. టైం లేక, తరవాత కలుద్దాం లెమ్మని..."

"శనివారం పొద్దుగాల కాల్ ఉంది. పేషెంట్ దొరికితే సరే. లేకుంటే నువ్వు వేరే నౌకరి చూస్కో. నీ ఎన్క నేను గూడ చూస్కోవాలె."

ఆ సాయంత్రం వెంకట్ వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది లాప్‌టాప్ మూసి మరీ కూర్చున్నాడు. "నా ఉద్యోగం పోయేట్టుంది నాన్నా. మీరు ఒక్క అరగంట ఈ జబ్బున్నట్టు నటించాలి. జవాబులన్నీ నేను రాసిస్తాను" అన్నాడు.

కామేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "దొంగ తూకపు రాళ్ళకి ముద్ర వేయమంటున్నావురా నన్ను."

వంటింట్లోంచి పద్మావతి అందుకుంది. "ఆరు నెలల్నుంచి నా దగ్గర ఆడుతున్న నాటకమేగా, ఇంకో అరగంట ఆడితే ఏం పోయింది?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కొడుకు చేతిలోని ప్రశ్నల కాగితం అందుకున్నారు. కొంచెం తినగానే ఇక తినలేననిపిస్తుందా? తిన్నది చాలాసేపటికి అలాగే బయటికి వస్తుందా? ఆరు నెలలుగా తను చెప్పి చెప్పి విసిగిపోయిన మాటల్ని ఎవరో ప్రశ్నలుగా మార్చి అచ్చువేశారు. ఇలాంటి కడుపు తనొక్కడిదే కాదు. దీనికి ఒక పేరు కూడా ఉంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ఈ కాగితం ఇన్నాళ్ళూ సంచీలో మోసుకు తిరిగింది తన కొడుకేనని గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"సరే, మాట్లాడతాను. నీ జవాబులు మాత్రం చెప్పను. నావి నేను చెబుతాను" అన్నారు.

"సొంతంగా చెబితే ఇంకా సహజంగా ఉంటుంది నాన్నా" అన్నాడు వెంకట్, ఎంతో సంబరంగా.

శనివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచారు. తెర మీద ఒక గడిలో జ్యోత్స్న, పక్క గడిలో ఆ మందుల కంపెనీ తరఫు కొనుగోలుదారు. రోగి సొంత భాషలోనే మాట్లాడాలని ఆయన కోరాడట, అందుకని జ్యోత్స్న తెలుగులో అడిగి ఆయనకి ఇంగ్లీషులో చెబుతుంది. ఎదురుగా కూర్చున్నది వెంకట్ వాళ్ళ నాన్నేనని ఆమెకీ తెలియదు. వెంకట్ కెమెరాకి కనపడకుండా బల్లకి అవతల నిలబడ్డాడు. పద్మావతి వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"సార్, జర తినంగనే కడుపు నిండినట్టు అయితదా?"

"నాలుగు ముద్దలకే అవుతుందమ్మా. ఐదో ముద్ద గొంతు దగ్గర నిలబడి, లోపల చోటుందా అని అడుగుతున్నట్టుంటుంది."

వెంకట్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"వాంతులు అయితయా?"

"అవుతాయి. ఓసారి మధ్యాహ్నం తిన్న బెండకాయ వేపుడు దీపాల వేళకి చక్రాలకి చక్రాల్లాగే వచ్చేసింది. అన్నీ ఒక్క మందం. అంత సమంగా మా ఆవిడ తప్ప ఇంకెవరూ తరగలేరు."

గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగిపోయింది.

"మొదలు ఎవరికి చెప్పిండ్రు సార్?"

"ఇంట్లోనే చెప్పాను. నేను బయట తింటున్నానని అనుకుంది మా ఆవిడ. ఆవిడ తప్పేం లేదు. అంత బాగా వండిపెడితే వద్దనే మనిషి ఉంటాడని ఎలా అనుకుంటుంది? తరవాత మా అబ్బాయికి చెప్పాను. వాడికి తీరిక లేదు. లోకంలో అందరి కడుపుల భారం వాడి మీదే ఉంది."

ఈసారి వెంకట్ బొటనవేలు కాస్త ఆలస్యంగా లేచింది.

"ఏం తినాలని బాగ అనిపిస్తది సార్?"

ఆయన వంటింటి గుమ్మం వైపు చూశారు. "పెరుగన్నం" అన్నారు చివరికి. "పెరుగన్నం తిని ఆరు నెలలైంది తల్లీ. ఎన్నిసార్లు కూర్చున్నా అంత దూరం వెళ్ళలేకపోతున్నాను."

ఆ మాటని ఇంగ్లీషులో చెప్పడానికి జ్యోత్స్నకి కొంచెంసేపు పట్టింది. కాల్ అయ్యాక వెంకట్‌కి ఫోన్ చేసి చెప్పింది, కొనుగోలుదారు తెగ మురిసిపోయాడట. జబ్బుందని ఎవరూ గుర్తించని మనుషులు ఇంటింటా ఇలా ఉంటే, అసలైన మార్కెట్ అదే కదా అన్నాడట. రిపోర్టు కొంటున్నారట.

వెంకట్ గాల్లో తేలిపోయాడు. "మీరు నాటకాల్లో ఉండాల్సింది నాన్నా. ఆ పెరుగన్నం దగ్గర ఆగారు చూడండి, అబ్బ, చంపేశారు."

"నాటకం ఎక్కడుందిరా అందులో?" అన్నారు కామేశ్వరరావు గారు.

పద్మావతి వచ్చి బల్ల ముందు నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. "ఒరేయ్, ఈ జబ్బు ఎవరికొస్తుందో నీ రిపోర్టులో రాశావా?"

"రాశానమ్మా, నాలుగో అధ్యాయంలో ఉంది."

"చదువు. నాకర్థమయ్యేట్టు తెలుగులో చదువు."

వెంకట్ తెరిచాడు. "చాలా ఏళ్ళుగా షుగరున్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. కొద్దిగా తినగానే కడుపు నిండిపోతుంది. తిన్నది..." అంటూ తలెత్తేసరికి తండ్రి నడుముకున్న బెల్టు, దానికి మేకుతో కొత్తగా పొడిచిన రంధ్రం కనిపించాయి. తన రిపోర్టుని తను చదవడం వాడికదే మొదలు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రిలో పరీక్ష చేశారు. కెమెరాకి కనపడే రేడియోధార్మిక మందు రవ్వంత కలిపిన ఇడ్లీ పెట్టి, అది కడుపులో ఎంతసేపు కూర్చుంటుందో చూస్తారు. పద్మావతి ఆ ఇడ్లీని చూసి "పిండి పులియలేదు" అంది. మధ్యాహ్నం దాటినా తెర మీద ఇడ్లీ మచ్చ ఉన్నచోటే ఉంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. ఆరు నెలల కేసు అక్కడితో కొట్టేసినట్టే, తీర్పు చెప్పిన మనిషే సిగ్గుతో చచ్చిపోతోంది. అయినా ఒప్పుకోవడానికి నోరు రాక, "నా ఇడ్లీ అయితే ఈపాటికి కొంచెమైనా కదిలేది" అంది.

"నిజమేనే" అన్నారు ఆయన.

డాక్టరు రాసింది ఏ మందుల షాపులోనైనా దొరికే పాత మాత్ర. మిగతా వైద్యమల్లా షుగరు అదుపులో పెట్టుకోవడం, మెత్తగా, కొంచెం కొంచెంగా, రోజుకి చాలాసార్లు తినడం. ఇలాంటి వైద్యంతో ఏ మార్కెట్టూ పెరగదు. వెంకట్ మనసొప్పక జ్యోత్స్న దగ్గరికి వెళ్ళాడు. ఆ పేషెంటు మా నాన్నేనని, ఇప్పుడు జబ్బు బయటపడింది కాబట్టి రిపోర్టులో కొత్తగా చేర్చిన, జబ్బుని ఎవరూ గుర్తించలేదన్న ముక్క మారుద్దామని చెప్పాడు.

"ఇప్పుడు నాన్నకు ఎట్లుంది?" అని అడిగింది. ఎంతైనా మంచి పిల్ల. ఆ తరవాత, "గా ముక్క మాత్రం మార్చకు. ఎవరు గుర్తు పట్టలేదన్న ముక్కకే వాళ్ళు కొన్నరు" అంది.

అంచేత ఆ రిపోర్టు ప్రకారం కామేశ్వరరావు గారి జబ్బు 2034 దాకా ఎవరికీ తెలియదు. వెంకట్ తల దించుకుని ఆ సంగతి తండ్రికి చెబితే, "మా శాఖ కిందికి వచ్చుంటే ఆ కొట్టుకి తాళం వేసేవాణ్ణిరా" అన్నారు.

ఆదివారం పద్మావతి వడ్డన వరస తిరగేసింది. పప్పు లేదు, కూర లేదు, ముందే పెరుగన్నం. మెత్తగా కలిపి చిన్న గిన్నెలో పెట్టింది. ఆయన ఒక్కొక్క ముద్దే తింటుంటే గరిటతో పక్కన నిలబడింది. గిన్నె ఖాళీ అయింది. ఆరు నెలల మీద దొరికిన రుచి, ఆయన ఆగలేక గిన్నె ముందుకు జరిపారు. ఆవిడ గరిట అలవాటు కొద్దీ దాని మీదికి వచ్చింది. వచ్చి, సగంలో ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది.

"చాలు" అంది పద్మావతి. ఆ మాట అనడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి. కొంగుతో కళ్ళొత్తుకుని, "లేవండి, మళ్ళీ మూడింటికి పెడతాను" అంది.