పాలసొర కోసం అంతర్వేదికి

మా అమ్మాయి కని పదో రోజైనా పాలు సరిగా పడలేదు. మేకపాలు గుడ్డతో పిండుతున్నా మనవడికి ఆకలి తీరక, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నాకు పుట్టుకతోనే కంగారెక్కువ. గడియకోసారి పురిటిగది గుమ్మం దగ్గరికెళ్లి, "పడ్డాయా?" అని అడిగేవాణ్ణి. చివరికి మంత్రసాని నాకు ఎదురొచ్చి, "పచ్చి పాలసొర చేప వండి పెట్టాలండి. అంతర్వేదిలోనే దొరుకుద్ది. తమరే వెళ్లాలి," అంది. అప్పటికప్పుడు తువ్వాలు భుజాన వేసుకున్నాను.

కొత్త కాలవల తవ్వకం ఇంకా మా వైపు రాని రోజులు. రాజోలు నుంచి దిండి రేవుకు ఎడ్లబండిలో తెల్లవారేసరికి చేరాను. నీరు సముద్రం వైపు తిరిగితే గాని పడవ కదలదన్నారు. జాము పొద్దెక్కాక కదిలింది. పడవలో చద్దన్నం మూట విప్పాను గాని ముద్ద దిగలేదు. "ఇంకెంత దూరమయ్యా?" అని నాలుగోసారి అడిగేసరికి పడవ సరంగు, "ఆయ్, తమరు అడిగినప్పుడల్లా అంతర్వేది ఓ కోసు వెనక్కి జరుగుతోందండి!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో జాముకు అంతర్వేది చేరాం. ఒడ్డున పోలమ్మ అనే ఆవిడ, చంకలో పసిబిడ్డతో, వలలో పడ్డ చేపలు ఏరుతోంది. సంగతి చెబితే మూరెడు సొర ఒకటి తీసింది. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట. "పచ్చిది రేపటికి కంపు కొడుద్దండి. పిట్టు చేసిస్తాను," అంది. ఉడకబెట్టి, గరుకు తోలు ఒలిచి, కండను పొడిపొడిగా చిదిమి, ఉప్పూ పసుపూ వెల్లుల్లీ వేసి తడారేదాకా వేయించింది.

"అయిందా?"

"కూర్చోండి బాబుగారూ! మీరు తొందరపెడితే పొయ్యి మండుద్దేంటండీ?"

వెల ఎంతన్నాను. "బాలింత కూటికి వెలేంటండీ, నా పాలు ఎండిపోవూ?" అని బిడ్డను గుండెకు హత్తుకుంది. నేను రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాను.

మర్నాడు పోటు మీద పడవ పైకి బయల్దేరింది. నా ఒళ్లోని పిట్టు కుండ వాసనకు పక్కనున్న కొబ్బరి బేరగాడు, "ఓ చిటికెడు రుచి చూపించండి బావగారూ," అని వేళాకోళమాడాడు. అతనికి పెట్టలేదు, నేనూ తినలేదు.

ఇంటి ముందు బండి దిగాను. లోపల ఏడుపు లేదు. కుండ పట్టుకుని గుమ్మంవైపు పరుగెత్తాను. అంతలో మా ఆవిడ నవ్వుకుంటూ ఎదురొచ్చింది.

"పాలు నిన్న మధ్యాహ్నమే పడ్డాయండి."

"చేప తినకుండానే?"

"మీరు అటెళ్లేరు, అమ్మాయి కంటినిండా నిద్దరోయింది. లేచేసరికి పమిట తడిసిపోయింది." కుండ అందుకుంటూ అంది, "మంత్రసాని వైద్యం చేసింది మీకండీ!"

పిట్టు మాత్రం అమ్మాయి ఇష్టంగా తింది. మీ ఇంట్లోనూ బాలింతకు పాలు పడకపోతే అంతర్వేదికి దారి ఇదే. ఇంట్లో అందరికన్నా కంగారెక్కువ ఉన్నవాణ్ణే పంపండి.