నాయన బీపీ, నీళ్ళ గొట్టం

ఎనభైల్లో ఒక ఆదివారం పొద్దున, కామాటిపురాలోని మా ఒంటిగది ఖోలీలో, చాయ్ చల్లారేలోగా కన్నతండ్రిని సగం చంపిన ఘనుణ్ణి నేను. మిగతా సగం ఎలా బతికిందో కూడా చెబుతాను, గాభరా పడకండి.

నాగ్‌పాడాలో డాక్టర్ల మిషన్లు బాగుచేసే దుకాణంలో అప్పుడే కుదిరాను. మా నాయన తాపీమేస్త్రీ. పరంజా ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయనేవాడు, దవాఖానకు మాత్రం రాననేవాడు. ఎక్కడ పడిపోతాడోనని నాకు ఒకటే భయం. అందుకే దుకాణం సేఠ్‌ను బతిమాలి కొత్త ఎలక్ట్రానిక్ బీపీ మిషన్‌ను ఇంటికి మోసుకొచ్చాను.

"నాయనా, దీని లోపట గోరంత సిలికాన్ ముక్క ఉంటది. దాని మీద ఎంటికె కన్న సన్నటి పొర. గాలి ఒత్తితె వంగుతది, ఎంత వంగిందో అంకె చెప్తది. కార్ల ఇంజన్లల్ల గూడ ఇసొంటిదే. ఇమానం ఎంత ఎత్తుల ఉందో గూడ ఇసొంటిదే చెప్తది!"

"నేను ఇమానం గాదు గదరా," అన్నాడు నాయన. "లెవల్ చూడంది నేను గోడ లేపను. ముందుగాల దీని లెవల్ చూపియ్."

నాకు రోషమొచ్చింది. మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టం గోడకే వేలాడుతోంది. నీళ్ళు నింపి, ఒక చివర మిషన్‌కు తగిలించి, రెండో చివర పైకెత్తాను. ఎత్తేకొద్దీ అంకె పెరిగింది. "చూసినవా!" అంటూ ఇంకా ఎత్తాను. నీళ్ళు గుటుక్కున మిషన్‌లోకి పోయాయి. పైపైన తుడిచేసి, ఏమీ ఎరగనట్టు నాయన చేతికి పట్టీ కట్టాను.

రెండువందల యాభై! మళ్ళీ కట్టాను. రెండువందల యాభై!

"అంటె ఎంత, కొడకా?" అంది అమ్మ.

"అంటె... గింత ఉన్నోళ్ళు గిట్ల కూసోని చాయ్ తాగరే అమ్మా," అంటూ ముందు నేనే బావురుమన్నాను. అమ్మ అందుకుంది. అమ్మను విని చాల్‌లోని గదులన్నీ అందుకున్నాయి.

ఎన్నడూ దవాఖాన మెట్టెక్కని నాయన వెంటనే చెప్పులేసుకున్నాడు. వరుసలో కూర్చున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. డాక్టరు పాదరసం మిషన్‌తో చూసి, కొంచెమే ఎక్కువుందని గోలీలు రాశాడు. నెల్రోజులు పరంజా ఎక్కొద్దన్నాడు.

ఇంటికొచ్చాక అనుమానం పుట్టి, పట్టీని స్టూలు కాలికి కట్టి చూశాను. రెండువందల యాభై! నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నేను పట్టిన స్టూలుకు నాయనంత బీపీ.

"నాయనా, మిషన్ల నీళ్ళు పోయినయ్. ఆ అంకె తప్పు," అన్నాను తల దించుకుని.

"నాకెరుకనే," అన్నాడు నాయన గోలీ మింగుతూ. "గొట్టంల గాలి చిక్కితె నా లెవల్ తప్పుతది. నీ మిషన్ల నీళ్ళు చిక్కినయ్. గుటుక్కుమన్నప్పుడే సమజైంది."

"మరి దవాఖానకు ఎందుకొచ్చినవ్?"

"నువ్వు గట్ల ఏడుస్తుంటె ఎట్ల రాకుంట, కొడకా?"

సేఠ్ నన్ను పదిహేను రోజులు మిషన్లకు దూరంగా, చీపురుకు దగ్గరగా ఉంచాడు. ఆ చీపురు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్ళీ ఏ మిషన్‌కూ నీళ్ళు తాగించను. నాయనను దవాఖానకు తీసుకెళ్ళాలంటే నేరుగా ఏడ్చేస్తాను.