ఒక్క వాక్యమే రాసుకున్నాను

నేను దయ్యాలను నమ్మను. ఇది జరగక ముందూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. లేని గొంతులు కొందరికి ఎందుకు వినిపిస్తాయో చదివి, పరీక్షలో రాసి, పాసైనవాణ్ణి.

ఎంబీబీఎస్ తర్వాత హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మహబూబ్‌నగర్‌లో నాకు మానసిక వైద్య విభాగంలో రెండు వారాల డ్యూటీ పడింది. పని మూడు రకాలు: రోగితో మాట్లాడటం, కేస్ షీట్ రాయడం, మాత్ర మింగేదాకా పక్కన నిలబడటం. రోగికి వినిపించే గొంతు ఏమంటోందో అతని మాటల్లోనే, టైం వేసి రాయాలి. నమూనాకు ఒక్క వాక్యం చాలు.

నాలుగో మంచం యాదమ్మది. ఆత్మకూర్ దగ్గరి ఊరు, వయసు నలభై. ఎవరో ఇద్దరు ఆడవాళ్లు రోజంతా తనను తిడుతున్నట్టు ఆమెకు వినిపించేది. పగలు తోడుగా తమ్ముడు అంజయ్య ఉండేవాడు.

"మా అక్క నన్ను తిడితే ఊరంత ఇంటది సారు. అక్కను తిట్టేటోళ్లు మాత్రం అక్కకే ఇనొస్తరు. గిదేం న్యాయం?" అన్నాడొకసారి. యాదమ్మ కూడా నవ్వింది.

తొమ్మిదో రోజు పొద్దున అంజయ్య బట్టలు తెస్తానని బండి మీద ఊరికి బయల్దేరాడు. పదకొండున్నరకు నేను యాదమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమెకు ఫోన్ లేదు. అప్పటిదాకా ఆమె కోసం ఎవరూ రాలేదు. ఈ రెండూ తర్వాత సిస్టర్‌ను అడిగి రూఢి చేసుకున్నాను.

"ఇయ్యాల ఆడోళ్లు లేరు సారు. మా అంజి మాట్లాడుతాండు," అంది.

ఏమంటున్నాడని అడిగాను.

"బండి తాళం కాలువ గట్టు కింద పడ్డదంట. తెల్ల రాయి పక్కన."

రాసుకున్నాను. టైం 11.35. పెన్ను జేబులో పెట్టబోతుంటే, "రాసుకో సారు, ఇంక చెప్తాండు," అంది. ఓ పది నిమిషాలు చెబుతూనే ఉంది, నేను చెవిన పెట్టలేదు. నేను 'ఇంకా ఇలాంటివే' అని రాసి ఐదో మంచానికి పోయాను.

ఒంటిగంటకు వార్డుకు ఫోన్ వచ్చింది. పదకొండు గంటలప్పుడు కాలువ మలుపులో బండి జారి అంజయ్య అక్కడికక్కడే చనిపోయాడు.

యాదమ్మను తీసుకుపోవడానికి వచ్చిన వాళ్ల చిన్నాయన, బండి తాళం దొరకడం లేదని మాటల మధ్య అన్నాడు. ఎక్కడ వెతకాలో సిగ్గుపడుతూనే చెప్పాను. సాయంత్రం ఫోన్ చేశాడు. తాళం తెల్ల రాయి పక్కనే ఉంది.

ఆ దారి యాదమ్మకు తెలుసు. ఆ రాయి కూడా తెలిసే ఉంటుంది. మా ప్రొఫెసర్ మేడం కాకతాళీయం అన్నారు. కావచ్చు. కానీ బండి పడ్డట్టు, తాళం ఊడినట్టు ఆ టైంకు మంచం మీద ఉన్న మనిషికి ఎలా తెలిసిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

దినాలు అయ్యాక అంజయ్య భార్య సుజాత వచ్చింది. అప్పటికి నేను సర్జరీకి మారాను. నన్ను వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. తనకు చదువు రాదని, అంజయ్య చెప్పింది చదివి వినిపించమని అడిగింది. కేస్ షీట్ తెప్పించి ఆ ఒక్క వాక్యం చదివాను.

"ఇంకేమన్నడు సారు?"

యాదమ్మనే అడగమన్నాను.

"అడిగిన. మందులు మింగినంక ఏం ఇనొస్తలేదంట. ఆనాటి ముచ్చట్లు ఏం యాది లేవంట."

ఆమె కాసేపు ఆ కాయితాన్నే చూసింది.

"నా పేరు తీసిండా సారు?"

"తెలియదమ్మా," అన్నాను. "పది నిమిషాలు మాట్లాడాడు. నేనే రాసుకోలేదు."