మోడెంకు వేగం నేర్పిన రోజు

నరసరావుపేటలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజునే మా ఇంటర్నెట్ సెంటర్‌లో ఇంటర్నెట్టే లేకుండా నా చేతులతో చేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పట్లో ఇంటర్నెట్ ఫోన్ తీగ మీదే వచ్చేది. కంప్యూటర్‌కూ ఫోన్‌కూ మధ్య మోడెం అనే చిన్న పెట్టె ఉండేది. లైను కలిసేటప్పుడు గొంతులో చేపముల్లు ఇరుక్కున్న పిల్లిలా అరిచేది. మాది ముప్పై మూడు కె రకం. ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కిస్తే అదే పెట్టె యాభై ఆరు కె అవుతుందని ఎక్కడో చదివాను. పెట్టె మార్చకుండా వేగం ఎలా పెరుగుతుంది? అది తేలేదాకా నాకు అన్నం సయించలేదు.

ఫలితాలు మధ్యాహ్నం. పొద్దున్నే ప్రోగ్రాం ఎక్కించడం మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు తీయవద్దని తెర మీద పెద్ద అక్షరాల్లో ఉంది. పది నిమిషాలైనా పెట్టె మీద లైట్లు వెలగలేదు. నిద్రపోయిందేమో, లేపుదామని ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. ఇక లేవలేదు. దానికీ ఇటుక ముక్కకూ తేడా లేకుండా పోయింది.

మధ్యాహ్నానికి మెట్ల దాకా జనం. అందరికంటే ముందు పక్క వీధి స్కూటర్ మెకానిక్ మస్తాన్ బాబాయ్, ఆయన కూతురు నజీమా. నిరుడు లెక్కల్లో తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేస్తానని ఇంట్లో చెప్పి వచ్చిందట. జరిగింది చెప్పేశాను. నజీమా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబాయ్ మాత్రం మోడెంను తిరగేసి చూశాడు.

“బాగా పనిచేసేదాన్ని ఎందుకు కెలికావయ్యా?”

“ఎంత స్పీడు పోద్దో చూద్దామని, బాబాయ్.”

“ఫోనన్నా పలుకుద్దా, దాన్నీ చంపావా?”

ఫోన్ బతికే ఉంది. గుంటూరులో మంచి లైనున్న సెంటర్ నడిపే మిత్రుడు శ్రీనుకు చేశాను. నేను హాల్ టికెట్ నంబర్లు చదవడం, అతను చూసి మార్కులు చెప్పడం. నజీమాకు లెక్కల్లో డెబ్భై రెండు. నమ్మలేక నాచేత మూడుసార్లు చెప్పించుకుంది. గంటలో మెట్లన్నీ ఖాళీ అయ్యాయి.

వెళ్తూ బాబాయ్ నా భుజం తట్టాడు.

“నిరుడు పిల్ల తప్పిందని చెప్పడానికే సాయంత్రం దాకా నిలబెట్టావు. కొత్త స్పీడు చానా బాగుంది అబ్బాయ్.”

ఆ పూటే చచ్చిన మోడెం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఫలితాల రోజున ఇక ఏ యంత్రానికీ మేలు చేయను.