శోభనం పాలలో జాజికాయ

మా ముత్తాతగారు బాపట్ల తాలూకాలో మూడు గ్రామాలకు ఈనాందారు. మా తాతగారు వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవారు లేచి నిలబడేవారు. వారి మనవణ్ణయిన నేను 1961 నాటికి చిలకలూరిపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వంట కాంట్రాక్టు చేసేవాణ్ణి. అంటే వంటమనుషులను వెంటబెట్టుకుని వెళ్ళి, తతంగం ముగిసేదాకా పొయ్యి బాధ్యత మోయడం. ‘గారు’ లేకుండా పిలిస్తే పలికేవాణ్ణి కాను.

శోభనం వంటకు ఒక పద్ధతి ఉంది. మునక్కాయ జీడిపప్పు కూర, మినపసున్నుండలు, ఖర్జూరం పాయసం, చివర కుంకుమపువ్వు వేసిన పాలు. ఇవన్నీ ‘బలానికి’ అంటారు. ఏ బలమో ఎవరూ పైకి అనరు. పాలలో జాజికాయ మాత్రం చిటికెడే పడాలి. మోతాదు మించితే ఉత్సాహం మాట దేవుడెరుగు, మనిషి మత్తుగా పడిపోతాడు.

ఆ మాఘంలో ఒక మిర్చి రైతు ఇంట్లో ఆయన కూతురు వరలక్ష్మి శోభనం. మర్నాడు బారెడు పొద్దెక్కినా పెళ్ళికొడుకు లేవలేదు. కుదిపితే ఎర్రబడ్డ కళ్ళు తెరుస్తాడు, పిడచగట్టిన నోటితో ఏదో గొణుగుతాడు, మళ్ళీ వాలిపోతాడు.

అతని తల్లి రత్తమ్మ వసారాలోకొచ్చి అరిచింది.

“నా కొడుక్కి మందు పెట్టిందిరో! కొంగున కట్టేసుకోవాలని మొదటిరోజే మందు పెట్టింది! బండి కట్టండ్రా, ఈ పిల్ల మాకొద్దు!”

మొగుణ్ణి లొంగదీసుకోవడానికి మందు పెట్టిందని ఒకసారి పేరుపడితే ఆ పిల్ల బతుకు పుట్టింటి వంటగదిలోనే తెల్లవారుతుంది. వరలక్ష్మి ఖాళీ గ్లాసు పట్టుకుని తలుపు చాటున నిలబడి ఉంది. “పాలే ఇచ్చానత్తయ్యా, ఒట్టు” అంటోంది.

ఆ గ్లాసు అందుకుని చూశాను. అడుగున జాజికాయ పొడి మడ్డిలా పేరుకుని ఉంది. నేను వేసింది చిటికెడే. కుర్రవాడికేమైనా అయితే? పేట నుంచి డాక్టరును తీసుకురమ్మని మనిషిని పంపి, ఆ ఇంటి ఆడవాళ్ళను వంటపాకలోకి పిలిచాను.

“పాలలో ఎవరెవరు ఏం కలిపారమ్మా?”

వరలక్ష్మి తల్లి కొంగు మొహాన కప్పుకుంది. “ఇదేం మాట పంతులుగారూ! మగాళ్ళు అడగొచ్చా?”

“సిగ్గు తరవాత పడుదురుగాని. అక్కడ బండి కడుతున్నారు.”

ముందు నాయనమ్మ నోరు విప్పింది. “నేనే ఒక కాయ అరగదీసి వేశా. ఈయన పిసినారి చెయ్యి, చాలదేమోనని.”

“అయ్యో అత్తా, నేనూ ఒక కాయ వేశానే!” అంది తల్లి.

“నేను సగమేలే” అంది మేనత్త గోడవైపు తిరిగి.

ఒకరికి చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఎవరికి వారే చాటుగా కలిపారు. వసారాలో నిలబడి మగవాళ్ళందరి ముందూ ఆ మాట చెప్పాను.

“ఇది జాజికాయ మత్తు. పిల్ల తప్పేం లేదు. సాయంత్రానికి లేవకపోతే నన్ను పోలీసులకు పట్టివ్వండి. ఎద్దుల్ని మాత్రం విప్పండి.”

“నిన్ను పట్టిస్తే నా కొడుకు లేస్తాడా వంటోడా?” అంది రత్తమ్మ.

పలకక తప్పలేదు. “లేస్తాడమ్మా” అన్నాను. నాకు మాత్రం నమ్మకం లేదు.

డాక్టరు వచ్చి నాడి చూసి, మత్తు దిగేదాకా కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఆ పూట ఆ ఇంట పొయ్యి వెలగలేదు. నేను గుమ్మం దగ్గర కూర్చుని అతని ఊపిరి వింటూ ఉండిపోయాను. దీపాలు పెట్టే వేళకు కదిలాడు. మంచినీళ్ళు అడిగి తాగి, “వరలక్ష్మేది?” అన్నాడు.

“అదుగో, మందు పారింది!” అంది రత్తమ్మ. ఈసారి తనే ముందు నవ్వింది. ఎద్దుల్ని విప్పారు.

వంటింట్లో సిగ్గు పనికిరాదని ఆరోజు నేర్చుకున్నాను. ఆపైన శోభనం పాలు గది గుమ్మం దాకా నా కళ్ళముందే వెళ్ళాలని షరతు పెట్టాను. ఆడవాళ్ళ గుట్టు వసారాలో పెట్టిన మనిషి షరతుకు ఎవరు ఒప్పుకుంటారు? మరుసటి మాఘంలో ఒక్క పిలుపూ రాలేదు. ఆ వేసవిలో మా రాగి గంగాళాలు, ఇత్తడి గుండిగలు చీరాల వ్యాపారికి తూకానికి అమ్మేశాము.