గళ్ళ పిడి, నున్నటి పిడి

కౌబాయ్ రివాల్వర్ పిడి నున్నగా ఉంటే మేలా, గళ్ళు చెక్కి ఉంటే మేలా అన్నది తేల్చుకోవడానికి నేను చాలా ఆదివారాలు లైబ్రరీలో కూర్చున్నాను. పోలీసుల నడుముకి తప్ప ఎక్కడా తుపాకీ కనిపించని సింగపూర్లో, పదో తరగతితో చదువు ఆపేసి చెక్క పనుల షెడ్డులో రంపం పట్టుకునే నాకు ఆ ప్రశ్నతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. నాకు పని పడింది తుపాకీతో కాదు, క్రాంజీ డార్మిటరీలో నా పై మంచం మీద పడుకునే మనిషి కుడిచేత్తో.

అతనిది శ్రీకాకుళం వైపు సముద్రం పక్క పల్లె. నాకంటే పెద్దవాడు. నేను బావా అనేవాణ్ణి, అతను నన్ను గురూ అనేవాడు. నా దిండు కింద ఎప్పుడూ ఏదో ఒక లైబ్రరీ పుస్తకం ఉండేది కాబట్టి ఆ పిలుపులో సగం వెటకారం. అతను జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో పరంజాలు కట్టేవాడు. ఇనప పైపులతో ఒక అంతస్తు లేపి, దాని మీదే నిలబడి ఇంకో అంతస్తు లేపే పని. ఒకరోజు కిందికి దించుతున్న పైపుల కట్ట జారి అతని చెయ్యి మణికట్టు దగ్గర నలిగింది. ఆపరేషన్ చేశారు, కుట్లు మానాయి. అప్పటినుంచి నేల మీది పనికి వేశారు. పైపుల్ని కలిపి బిగించే క్లాంపులు ఏరి బుట్టల్లో వేయడం, దారికి అడ్డంగా పడ్డవి పక్కకి లాగడం. అతని పర్మిట్ గడువు దగ్గరపడుతోంది. మళ్ళీ పరంజా ఎక్కగలడని తేలితే ఉంచుతారు, లేకపోతే విమానం ఎక్కిస్తారు. ఈ సంగతి మా గదిలో అందరికీ తెలుసు.

ఎక్కగలడా లేదా అని చెప్పేవాళ్ళలో ప్లాంటు సేఫ్టీ ఆఫీసర్ మాట ముఖ్యం. ఆయనా తెలుగువాడే. కుటుంబంతో ఇక్కడే స్థిరపడ్డాడు. ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసి చేసుకునే కార్యక్రమంలో ప్రతి ఏడూ ఒక హాస్య నాటిక వేయిస్తాడు. ఈసారి కౌబాయ్ నాటిక. మన పాత సినిమాల్లో లాగా ఎడారి, గుర్రం, బ్యాంకు దోపిడీ, నడుముకి రివాల్వర్ కట్టుకుని అచ్చ తెలుగులో సవాళ్ళు విసిరే హీరో. మా బావ సైటు క్యాంటీన్లో అందరి గొంతులూ అనుకరిస్తుంటే ఆయన ఒకసారి విని, నాటికలో చిన్న వేషం ఇస్తానన్నాడు. బావ చిన్న వేషం వద్దన్నాడు. హీరో వేషమే అడిగి పుచ్చుకున్నాడు.

"నీకెందుకు బావా అంత పెద్ద వేషం?" అన్నాను.

"సూడు గురూ. ఆయన ఎదురుగుండా నిలబడి ఈ సేత్తో రివాల్వరు గిర్రున తిప్పి పట్టీనాననుకో, ఇంకేటి కావాలాయనకి? డాక్టరు కాయితం కన్నా అదే గట్టిది."

రివాల్వర్ చేసే పని నా మీద పడింది. ఇక్కడ బొమ్మ తుపాకీ అసలుదానిలా కనిపించినా చిక్కే. అందుకని ప్లైవుడ్‌తో చేసి, గొట్టానికి చిలకాకుపచ్చ రంగు పూశాను. దాన్ని చూసి భయపడేవాడు ప్రపంచంలో ఉండడు. కానీ పిడి మాత్రం సరిగ్గా చేయాలనుకున్నాను. పిడికి అటొక చెక్క, ఇటొక చెక్క, మధ్యలో ఒక మర. మర విప్పితే రెండు చెక్కలూ ఊడి వస్తాయి, వేరేవి బిగించొచ్చు.

లైబ్రరీలో పాత ఆయుధాల పుస్తకాలు ఒక అరలో ఉంటాయి. ఇంగ్లిష్ నాకు ఎవరూ నేర్పలేదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీ తర్వాత పేజీ నేనే దారి చేసుకున్నాను. ఆ పద్ధతిలో కరెంటు గురించి చదివాను, చెదపురుగుల గురించి చదివాను, ఈసారి రివాల్వర్ పిడుల గురించి చదివాను. తెలిసిందేమిటంటే, ఆ కాలపు రివాల్వర్‌లో ప్రతి గుండూ పేల్చే ముందు, వెనకాల ఉన్న మీటని బొటనవేలితో లాగాలి. పేలగానే తుపాకీ ఎగురుతుంది. పిడి నున్నగా, నాగలి మేడిలా వంపు తిరిగి ఉంటే అది అరచేతిలోనే కాస్త పైకి దొర్లుతుంది, మీట తనంతట తానే బొటనవేలి దగ్గరికి వస్తుంది. గళ్ళు చెక్కిన పిడి అలా దొర్లదు, పట్టిన చోటే ఉంటుంది. చెమట చేతికి, వానకి అది మంచిది. కానీ ఎక్కువసేపు వాడితే చర్మాన్ని కొరుకుతుంది. తిప్పడానికీ పట్టడానికీ నున్నటిదే వాటమని నేను తీర్పు చెప్పేశాను. షెడ్డులో మిగిలిన టేకు ముక్కలు తెచ్చి, చెంపకి ఆనించుకున్నా గీసుకోనంత నున్నగా గరుకు కాయితంతో రుద్దాను.

బావ గదిలో మంచాల మధ్య నిలబడి చూపుడు వేలు మీద తిప్పాడు. రెండు చుట్లు బాగానే తిరిగింది. అరచేతిలోకి తీసుకోబోతే జారి ఇనప మంచం కోడుకి తగిలి టంగుమంది.

"సబ్బుబిళ్ళలా ఉంది గురూ. ఇదేటి పిడి?"

"పుస్తకంలో నున్నటిదే మేలని..."

"పుస్తకం రాసినోడు నా సేత్తో పట్టుకున్నాడేటి?"

గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. చేతిలో బలం ఇంకా పూర్తిగా రాలేదు, అందుకే జారింది అనుకున్నాను. అతను టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం, చొక్కా బొత్తాలు కళ్ళతో చూసుకుంటూ పెట్టుకోవడం నేను గమనించాను. బలం తక్కువ, నిదానంగా వస్తుంది. అంతవరకే నా ఆలోచన సాగింది.

సరే, గళ్ళ పిడి చేశాను. చెంగల్ అని ఇక్కడ దొరికే గట్టి చెక్క మీద పెన్సిలుతో ఏటవాలు గీతలు గీసి, వాటికి అడ్డంగా మళ్ళీ గీసి, మూడంచుల ఆకురాయితో ఒక్కో గీతనీ గాడిగా కోశాను. అన్నీ అయ్యాక పిడి నిండా చిన్న చిన్న మొనలు లేచాయి. చాలా ఓపికతో చేసిన పని, నాకు నచ్చింది. చివర్లో ఆ మొనల్ని కాస్త అరగదీయాలని కూడా చదివాను, అరగదీశాను. బావ కుడిచేత్తో పట్టుకుని ఊపి చూశాడు.

"సాల్లేదు. ఇంకా గరుగ్గా సెయ్యి."

గాడులు లోతు చేసి ఇచ్చాను. "ఇంకొంచెం గురూ." మళ్ళీ చేశాను. అప్పటికి అది కొబ్బరి కోరాములా తయారైంది. నేను పిడికిలి బిగిస్తే అరచేతిలో ఎర్రటి చుక్కలు పడేవి.

"బావా, ఇది కరుస్తుంది."

"కరిసినియ్యి. అలగైతేనే కదా ఒగ్గీకుండా ఉంతాది."

పట్టుదల అనుకున్నాను. సాధన మొదలుపెట్టాడు. పని నుంచి రాగానే తిప్పడం, పట్టడం. పడేది, తీసేవాడు. క్రమంగా పడడం తగ్గింది. కళ్ళు మాత్రం ఎప్పుడూ దాని మీదే ఉండేవి. గదిలో ఎవరైనా పలకరించినా తల తిప్పేవాడు కాదు.

రిహార్సల్ పాయా లేబర్ అనే పేటలో ఒక ఆఫీసు పైన, ఎవరో ఇప్పించిన ఖాళీ గదిలో జరిగింది. ఆదివారం మధ్యాహ్నం, బావతో నేనూ వెళ్ళాను. సేఫ్టీ సారు డైలాగుల కాగితం పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. బ్యాంకు క్యాషియర్ వేషం ఒక తెలంగాణ అమ్మాయిది, ఇక్కడ యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది. ఆమె చేతులు పైకెత్తి నిలబడింది. బావ సంకలో టోపీ పెట్టుకుని నడిచొచ్చి, "ఏటే పిల్లా, పెట్టె తీస్తావా, గుర్రాన్ని లోపలికి తోలీమంటావా?" అని గర్జించి, రివాల్వర్ గిర్రున తిప్పి అరచేతిలోకి తీసుకున్నాడు. పడలేదు. గది ఈలలతో మోగిపోయింది. సారు కూడా కాగితం పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

"చెయ్యి బాగుపడిందిరోయ్! మళ్ళీ ఒకసారి చెయ్యి" అన్నాడు.

బావ నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆ మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మళ్ళీ చేశాడు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి చేశాడు. ఆ తర్వాత రివాల్వర్ గట్టిగా పట్టుకునే తర్వాతి డైలాగు అందుకున్నాడు. మధ్యలో ఆ అమ్మాయి ఎత్తిన చేతులు దించేసింది.

"అన్నా, ఆగు. నీ చెయ్యి చూస్కో. రక్తం కారుతున్నది."

బావ ఆగలేదు. ఆమె నాటికలో మాట చెబుతోందనుకున్నాడో ఏమో, దానికీ ఒక జవాబు కల్పించి చెప్పాడు. ఒకరిద్దరు నవ్వారు.

"అన్నా, నిజంగనే! తెలుస్తలేదా?"

అప్పుడు కిందికి చూశాడు. పిడి నుంచి కారిన రక్తం గచ్చు మీద చుక్కలుగా పడి ఉంది. అతను పిడికిలి విప్పాడు. మొనలు దిగినచోట చర్మం లేచిపోయి ఉంది. దాన్ని అతను చూసిన తీరు నాకు గుర్తుంది. రైల్లో పక్కవాడి చెయ్యి చూసినట్టు చూశాడు.

సారు లేచి వచ్చాడు. ముందు రుమాలు కట్టాడు. తర్వాత చాలా మెల్లగా, "కళ్ళు మూసుకో" అన్నాడు.

"ఏటీ నేదు సార్, సెమట పట్టి..."

"మూసుకో నాన్నా."

బావ కళ్ళు మూసుకున్నాడు. సారు పెన్ను మూతతో అతని బొటనవేలు కొసని తాకాడు. "ఇప్పుడు ఏ వేలు?"

"సూపుడు వేలు సార్."

చిటికెన వేలు తాకినప్పుడు మాత్రం సరిగ్గా చెప్పాడు. మధ్య వేలు తాకితే బొటనవేలన్నాడు. ఆ తర్వాత సారు పెన్ను జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడి, "ఇప్పుడు?" అన్నాడు.

బావ కాసేపు ఆలోచించి, నమ్మకంగా, "మధ్య వేలు సార్" అన్నాడు.

ఆ అమ్మాయి గోడవైపు తిరిగింది. కళ్ళు తెరిచి, మా మొహాలు చూసి, సారు కట్టుకున్న చేతులు చూసి, అతనికి అర్థమైంది.

"సార్, ఇది నాటకం సార్. సైటులో నాను సూసుకుని పట్టుకుంతాను. సూస్తే పట్టు తప్పదు సార్. ఇందాకల సూసినారు కదా."

"పైన ఉన్నప్పుడు చేతినే చూస్తూ ఉంటావా? కాలెక్కడ పెడుతున్నావో ఎవరు చూస్తారు? నువ్వు వదిలిన పైపు కింద ఎవడి నెత్తిన పడుతుంది?"

"పడదు సార్."

"నాకు తెలిశాక నేను సంతకం పెట్టలేనురా. తెలియకపోతే పెట్టేవాణ్ణి."

ఆయన్ని తప్పుపట్టలేను. కానీ ఆయన సాయంత్రానికి తన ఫ్లాట్‌కి వెళ్ళాడు. మేం ట్రైనెక్కి, బస్సెక్కి క్రాంజీ వచ్చాం. దారంతా బావ రుమాలు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, "నొప్పైనా పుట్టుంటే బాగున్ను గురూ" అన్నాడు.

తర్వాతి ఆదివారం నేను లైబ్రరీకి వెళ్ళి నరాల గురించి చదివాను. ఆ పుస్తకాలు ఆయుధాల అర ఉన్న అంతస్తులోనే, రెండో వైపు ఉన్నాయి. మణికట్టులోంచి వెళ్ళే ఒక నరం తెగితే బొటనవేలికి, దాని పక్క వేళ్ళకి స్పర్శ పోతుందని, కుట్టినా ఒక్కోసారి తిరిగి రాదని, అలాంటి మనిషి వస్తువుని కళ్ళతో చూస్తూ పట్టుకుంటాడని, అవసరానికి మించి నొక్కుతాడని అక్కడ రాసి ఉంది. మా గదిలో మనిషిని చూసి రాసినట్టే ఉంది. డిక్షనరీ తీయాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

డాక్టర్లు మళ్ళీ చూశారు. సూదులు గుచ్చి పరీక్షలు చేశారు. పర్మిట్ పొడిగించలేదు. నాటికలో హీరో వేషం ఆ రీసెర్చ్ అమ్మాయి వేసింది. టేకు పిడి బిగించి ఇచ్చాను. ఒకసారి పడేసింది, దానికీ జనం నవ్వారు. బావ రానన్నాడు. నేను చివరి వరుసలో కూర్చుని చూశాను.

అతను వెళ్ళే రోజు పొద్దున్న సామాను సర్దుతుంటే, రివాల్వర్ నువ్వే ఉంచుకో, గుర్తుగా ఉంటుంది అన్నాను.

"మతి పోనాదేటి గురూ? ఆకుపచ్చదైనా తుపాకీయే. ఎయిర్‌పోర్టులో నన్ను బోర్లా పడుకోబెట్టీగలరు."

అది నిజమే. గళ్ళ పిడి చెక్కలు మాత్రం విడిగా నా డబ్బాలో ఉన్నాయి. కడిగినా ఆ గాడుల్లో నలుపు పూర్తిగా పోలేదు. చూస్తానంటే ఇచ్చాను. కుడిచేతి పుండు ఇంకా మానక కట్టు ఉంది కాబట్టి ఎడమ చేత్తో అందుకున్నాడు. అన్నాళ్ళూ అతను దాన్ని ఎడమ చేత్తో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, బాగుపడాల్సింది ఆ చెయ్యి కాదు కదా. మామూలుగా పిడికిలి బిగించాడు. వెంటనే ఉలిక్కిపడి వదిలేశాడు. అది నా మంచం మీద పడింది.

"అమ్మో! ఇదెంత గరుకు గురూ! ఇన్నాళ్ళూ ఇలగే ఉందా?"

"ఇలాగే ఉంది బావా."

అతను ఎడమ అరచేతిలో పడిన ఎర్రటి చుక్కల్ని చూసుకుంటూ ఉండిపోయాడు. కింద వ్యాన్ హారన్ కొట్టింది. బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుని, గదిలో అందరికీ చెప్పి వెళ్ళాడు. ఆ చెక్క ముక్కలు అడగలేదు. నేను ఇవ్వలేదు.