అయోడిన్ వార్డు అలివేలక్క

ఆసుపత్రి ఆయా అలివేలక్కది పెద్ద నోరు. రేడియో అయోడిన్ వార్డులో ఆమె తిట్లు తినని రోగి లేడు. భోజనం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి, దూరంగా జరిగి, "తినకపోతే నీకే నష్టం, నాకేం పోయె!" అని అరిచేది. చేరిన పూటే ఆమె మీద నాకు ఒళ్లు మండింది.

నాకు థైరాయిడ్ క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత మిగిలిన జబ్బును చంపడానికి ఆ అయోడిన్ మాత్ర మింగాలి. మింగాక ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి పది రోజులు చంటిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాలన్నారు. మాది పీణ్యలో ఒంటి గది. అందులో నేను, మా ఆయన రమేశ్, రెండేళ్ల చిన్ని. రేడియేషన్ అనగానే చుట్టాలంతా ఫోన్లు పెట్టేశారు. ఇంటి ఓనరు సరేసరి.

మందు వచ్చిన రోజు సంచీ సర్దుకున్నాను. వచ్చే నెల మింగుతానని డాక్టరుతో అన్నాను. ఆ మందు దాచితే నిలవదనీ, రోజురోజుకూ దాని బలం తగ్గిపోతుందనీ, నా జబ్బు మాత్రం ఆగదనీ ఆయన చెప్పారు. ఏడ్చాను గానీ సంచీ వదల్లేదు.

అలివేలక్క వచ్చి సంచీ లాక్కుంది. "యాడికి పోతావు?"

"చిన్నికేమైనా అయితే నేను బతికి ఏం లాభమక్కా?"

"నువ్వు పోతే దానికెవురుండారు? నగర్తపేటలో మా ఇంట్లో పక్క రూము ఉండాది. ఆడ పండుకో."

"ఇంట్లో పిల్లలెవరూ లేరా?"

"నువ్వొచ్చేటప్పటికి ఎవురూ ఉండరులే. మింగమ్మా, సతాయించద్దు."

మింగాను. ఆసుపత్రి నుంచి నేరుగా వాళ్లింటికే వెళ్లాను. అక్కడా రాగిముద్ద గుమ్మంలో పెట్టి, అదే గొంతుతో అరిచేది. సాయంత్రాలు రమేశ్ చిన్నిని ఎత్తుకుని ఎదురు దుకాణం మెట్ల మీద నిలబడేవాడు. అది నా కోసం చేతులు చాచి ఏడిస్తే, నేను కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చేదాన్ని. మధ్యలో నిలబడి అలివేలక్క మా ముగ్గురినీ తిట్టేది.

గడువు తీరింది. ఇక ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పారు. దుప్పట్లు ఉతికి, గది కడిగి బయల్దేరుతుంటే వాకిట్లో ఆటో ఆగింది. నిండు చూలాలొకతె నడుం పట్టుకుని దిగింది. నేను గభాలున గోడ వైపు జరిగాను.

"మా కూతురు భారతి," అంది అలివేలక్క. "పురుటికి వచ్చిండాది. ఈ పది దినాలు వాళ్ల పెద్దమ్మింటికి పంపిస్తి."

పురుటికి వచ్చిన కూతుర్ని పంపేసి, ముక్కూ మొహం తెలియని నాకు ఆ గది ఇచ్చింది. వంగి కాళ్లకు దండం పెట్టబోయాను.

"లెయ్యి లెయ్యి. ఆడ నీ బిడ్డ కాసుకోనుండాది," అని కసిరింది.

భారతి మాత్రం నన్ను చూసి నవ్వింది. "మా అమ్మ తిట్లు ఎట్ల తట్టుకుంటివక్కా ఇన్ని దినాలు?"

నేనూ నవ్వబోయాను. చేతకాక భోరుమన్నాను.